రెండుసార్లు వెనక్కి పంపిన సూపు

జూన్ 3

అక్కా,

నీ కడుపు చల్లగా ఉండాలి. నా కడుపు సంగతి చెప్పడానికే ఈ ఉత్తరం.

ఫోను చేస్తే మీరు ఎత్తరు. పోయినేడు ఆహార తనిఖీ ఆఫీసరు గొంతుతో మాట్లాడి మీ హోటల్లో గోడలు, గిన్నెలు, చివరికి బావ చెప్పులు కూడా కడిగించిన దగ్గర్నుంచి, నా నంబరు కనబడితే చాలు బావ ఫోనుని బోర్లా పడుకోబెడుతున్నాడని విన్నాను. అందుకే కాగితం మీద పడ్డాను. నవ్వకుండా చదువు. ఈసారి వేళాకోళం కాదు.

సినిమా హాలు ఎదురుగా నీలం షట్టర్ల హోటలు ఉంది కదా. నువ్వు మా ఇంటికి వచ్చినప్పుడు బల్లలు జిడ్డుగా ఉన్నాయని మూతి తిప్పుకున్నావే, అదే. ఆదివారం పూట నా భోజనం అక్కడే అని నీకు తెలుసు. మొన్న ఆదివారం సూపు తెప్పించుకున్నాను. స్నానానికి తోడుకున్న నీళ్లంత వేడి కూడా లేదు. వెనక్కి పంపాను. వేడి చేసి తెచ్చారు. సగం తాగాక చూస్తే ఉప్పు తగల్లేదు. మళ్లీ పంపాను. పంపి, చెయ్యి కడుక్కుందామని లేచాను.

చేతులు కడుక్కునే తొట్టి మీద గోడకి అద్దం ఉంది. వంటింటి తలుపు మూసుకుపోకుండా గ్యాసు బండ అడ్డం పెట్టారు. నా మొహం చూసుకుందామని అద్దంలోకి తొంగి చూస్తే, నా చెవి పక్కన వంటవాడి మొహం కనబడింది. వాడు నా గిన్నె ముందు పెట్టుకుని, అటూ ఇటూ చూసి, తీరుబడిగా, గురి చూసి, అందులో ఉమ్మాడు. ఆ తర్వాత కుడిచేత్తో గరిటె తీసుకుని చక్కగా కలిపాడు. పైన చిన్నగా తరిగిన ఆకులు కూడా చల్లాడు. అక్కా, ఉమ్మి కన్నా ఆ ఆకులే నన్ను ఎక్కువ బాధపెట్టాయి.

మొదటిసారి వేడి చేసినప్పుడు వాడు ఏం చేశాడో నేను చూడలేదు. ఆ సగం అప్పటికే నా లోపల ఉంది. అక్కడే తొట్టిలో కక్కేశాను.

మిగిలిన సగం సూపు వచ్చింది. గిన్నె నోటికి రుమాలు బిగించి, చంకలో పెట్టుకుని, యజమాని దగ్గరికి వెళ్లి జరిగింది చెప్పాను. ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. నిరుడు నిమ్మరసం గ్లాసులో రబ్బరు కప్ప వేసి సర్వరు చేత కేక పెట్టించింది మీరే కదా అన్నాడు. తర్వాత హోటలంతా వినేట్టు అన్నాడు: "ఈసారి ఉమ్మి ఇంటి నుంచే తెచ్చుకున్నారా?"

అందరూ నవ్వారు. నా పక్క బల్ల ఆయనైతే పొలమారేదాకా నవ్వాడు. ఇప్పుడు మా షాపుకి మిషను బాగు చేయించుకోవడానికి వచ్చే దర్జీలు కూడా, సూది ఎక్కడ ఇరుక్కుందో చెప్పే ముందు సూపు సంగతి అడుగుతున్నారు. జన్మలో ఒక్కసారి నిజం చెప్తే ఊరంతా చప్పట్లు కొడుతోంది.

నాకు డబ్బు అక్కర్లేదు. ఆ యజమాని నలుగురి ముందు "ఈయన చెప్పింది నిజం" అనాలి. అంతే. నువ్వు హోటలు నడుపుతున్నదానివి. తిండిని కావాలని పాడుచేస్తే తినడానికి వచ్చినవాడికి చట్టంలో ఏం హక్కులున్నాయో నీకు తెలిసే ఉంటుంది. వెంటనే రాయి. గిన్నె ఫ్రిజ్జులో భద్రంగా ఉంది.

సగం సూపుతో మిగిలిన
నీ తమ్ముడు


జూన్ 8

ఒరే తమ్ముడూ,

నీ ఉత్తరం మీ బావకి చదివి వినిపించాను. ఆయన అంతా విని, కౌంటరు దగ్గర్నుంచి వంటింటి వైపు ఒకసారి చూసి, "మనవాళ్లు అలా చెయ్యరు కదా" అన్నారు. చెయ్యరు అన్నాను. మళ్లీ టీవీ చూసుకున్నారు.

సూపుని రెండుసార్లు వెనక్కి పంపే మనిషిని నా హోటల్లో అయితే ఏం చేసేదాన్నో నాకే తెలీదు. వేడి లేదని ఒకసారి, సరే. ఉప్పు లేదని ఇంకోసారా? ఉప్పు బల్ల మీదే ఉంటుంది. చెయ్యి చాపితే అందుతుంది. దానికి ఒక మనిషిని లోపలికి, బయటికి తిప్పాలా?

హక్కులు అడిగావు కాబట్టి చెప్తున్నాను. నచ్చకపోతే లేచి వెళ్లిపోయే హక్కు ఉంది. ఇంకో హోటలు చూసుకునే హక్కు ఉంది. ఇంట్లో వండుకు తినే హక్కు కూడా ఉంది, అది మాత్రం ఎవరూ వాడుకోవడం లేదు.

అయినా నువ్వు చెప్పేది నేనెలా నమ్మను? నీ గొంతు విని ఆఫీసరనుకుని మేము పొయ్యి కింద ఇటుకలు కూడా పీకి కడిగాం. ఆ రోజు నువ్వు ఎంత నవ్వుకుని ఉంటావో నాకు తెలుసు. నా నడుము ఇంకా సరి కాలేదు. ఇప్పుడు ఉమ్మి అంటున్నావు. రేపు ఏమంటావో.

ఒకవేళ నిజమే అనుకో. హోటళ్లలో వంటవాళ్లు నిలకడగా ఉండరు. ఈపాటికి వాడు అక్కడ ఉన్నాడో లేడో. ఆ యజమాని కూడా సంసారం ఉన్నవాడే. కోర్టులూ గొడవలూ అని తిరిగితే నీ షాపు ఎవరు చూస్తారు? ఆ గిన్నె ఫ్రిజ్జులో పెట్టుకుని కూర్చుంటే ఇల్లంతా కంపు కొడుతుంది. మరదలితో చెప్పు, ఆ పాడు సూపు పారబోసి, గిన్నె బాగా తోమి, వాళ్లది వాళ్లకి పంపెయ్యమని. ఈ మాట మాత్రం నేను చెప్పినట్టు చెయ్యండి.

గోరువెచ్చని నీళ్లు తాగు. నూనె తగ్గించు.

నీ మేలు కోరే
అక్క


జూన్ 14

హోటలు మహారాణి అయిన అక్కకి,

నీ మాట ఈ ఇంట్లో ఎలా చెల్లుతుందో విను.

మొన్న ఉదయం ప్లీడరు దగ్గరికి వెళ్లాను. వాళ్లావిడ కుట్టుమిషను ప్రతి వానాకాలం మొరాయిస్తుంది, ఆ చనువు ఉంది. ఆయన ముందు నా గుండెకి వెన్న రాశాడు. వడ్డించే తిండిని తెలిసి తెలిసి పాడుచేస్తే అది నేరం కూడా, సేవాలోపం కూడా అన్నాడు. నేరం సంగతి పోలీసులు చూసుకుంటారు. సేవాలోపానికి వినియోగదారుల కోర్టు ఉంది. పనివాడు పనిలో ఉండి చేసినదానికి యజమానే జవాబు చెప్పాలి, నాకు తెలీదంటే సరిపోదు. బిల్లు ఉంచుకోవాలి, తిండిని తనిఖీ ఆఫీసరుకి అప్పగించి సీలు వేయించాలి, డాక్టరు దగ్గర కాగితం తీసుకోవాలి. నేను కుర్చీలో వెనక్కి వాలి హాయిగా విన్నాను. ఇన్ని హక్కులు పెట్టుకుని ఇన్నేళ్లు ఊరికే తిని వచ్చేశానే అనిపించింది.

అప్పుడు ఆయన కళ్లద్దాలు తీశాడు.

"తాగిన సగంలో ఉమ్మి ఉందని రుజువేంటి?"

లేదన్నాను.

"రుజువున్న సగం తాగావా?"

చూశాక ఎలా తాగుతానన్నాను.

"అయితే తాగినదానికి రుజువు లేదు. రుజువున్నదానికి నష్టం లేదు."

రెండో సగం కూడా తాగి ఉంటే బాగుండేది అన్నట్టు నా వైపు జాలిగా చూశాడు. సరేలే, ముందు ఆ గిన్నె పట్టుకురా, ఉమ్మిన తిండి పెట్టడమే తప్పు, మానసిక క్షోభ కింద లాగుదాం అన్నాడు.

గిన్నె కోసం ఇంటికి పరిగెత్తాను. నీ ఉత్తరం నాకన్నా ముందు వచ్చింది. మీ మరదలు చదివింది. నేను పది పనులు చెప్తే ఒకటి చేసే మనిషి, వదిన రాసిందని అప్పటికప్పుడు సూపు పారబోసి, పీచుతో, సబ్బుతో, ఆ తర్వాత నిమ్మచెక్కతో తోమి ఎండలో పెట్టింది. అలాంటి మెరుపు ఆ గిన్నె పుట్టినప్పుడు కూడా చూసి ఉండదు. అందులో నా మొహం కనబడింది, సాక్ష్యం కనబడలేదు. అది చాలదన్నట్టు, గిన్నె దొంగిలించానని నీలం షట్టర్ల ఆయన నా మీదే మనిషిని పంపాడు. తళతళలాడేది తిరిగి ఇచ్చేశాను. ఆ మనిషి థాంక్స్ చెప్పి వెళ్లాడు.

అయినా ఫిర్యాదు వేశాం. జూలై పదో తారీఖున పిలిచారు. ఇప్పుడు ఒక్క దారే మిగిలిందని ప్లీడరు అంటున్నాడు. ఆ వంటవాడు ఇంతకు ముందు పనిచేసిన చోట కూడా ఈ పనే చేశాడని పాత యజమాని ఎవరైనా వచ్చి చెప్పాలి. అప్పుడు నా మాట నిలబడుతుంది. లేకపోతే నేను రబ్బరు కప్ప మనిషినే. అందుకని ఆ పాత యజమాని ఎవరో వెతుకుతున్నాను. దొరికితే వదలను.

సాక్ష్యం తోమించినందుకు నిన్ను కూడా బోనెక్కిస్తాను. ఏ చీర కట్టుకోవాలో ఇప్పుడే చూసుకో.

ఖాళీ చేతులతో
తమ్ముడు


జూన్ 19

తమ్ముడూ,

డొంకతిరుగుడు చాలు.

పాత యజమాని కోసం వెతుకుతున్నావా? దొరికితే వదలవా? చీర చూసుకోవాలా నేను? ఇలా సూదితో పొడుస్తూ రాసే బదులు ఎదురుగా వచ్చి అడిగి ఉండొచ్చు. నీకు ఎవరు చెప్పారు? మా దగ్గర గిన్నెలు తోమే ఆవిడే అయి ఉంటుంది. ఆవిడ నోట్లో ఏదీ దాగదు.

అవును, వాడు మా దగ్గర పనిచేశాడు. ఏం చెయ్యమంటావు నన్ను? ఒక పెద్దమనిషి చేపముక్క మాడిందని తిప్పి పంపాడు. నేను లోపలికి వెళ్లేసరికి వీడు పళ్లెం మీద నుంచి తల ఎత్తి మూతి తుడుచుకుంటున్నాడు. ఆ పళ్లెం నా చేత్తో నేనే చెత్తలో వేశాను. సాయంత్రానికి వాడిని పంపించేశాను. ఎందుకు పంపానో వీధిలో చాటమంటావా? చాటితే మర్నాడు మా బల్లల మీద ఈగ కూడా వాలదు.

తర్వాత ఆ నీలం షట్టర్ల ఆయన ఫోను చేశాడు. వాడి చెయ్యి ఎలాంటిదని అడిగాడు. మంచిదే అన్నాను. అబద్ధమా? వాడు వండితే కస్టమర్లు పళ్లేలు నాకేవారు. ఆయన చేతి గురించి అడిగాడు, నేను చేతి గురించి చెప్పాను. నోటి గురించి ఆయన అడగలేదు.

ఇంకో సంగతి. కథ బాగానే అల్లావు, ఆకులు చల్లడం దాకా. కాని ఒక చోట దొరికిపోయావు. కుడిచేత్తో కలిపాడని రాశావు. వాడు ఎడమచేతివాడు. కత్తి పట్టినా, గరిటె పట్టినా, ఎడమచెయ్యే. కాబట్టి నువ్వు ఏ అద్దంలోనూ ఏమీ చూడలేదు. మా సంగతి ఎవరి దగ్గరో విని, నన్ను వణికించి నవ్వుకోవడానికి ఈ సూపు వండావు. వణికాను. చాలా?

మీ బావకి ఈ సంగతేదీ తెలీదు. తెలియకూడదు.

అక్క


జూన్ 23

అక్కా,

నీ ఉత్తరం చదివి, నువ్వే నన్ను ఆటపట్టిస్తున్నావనుకున్నాను. ఆ జబ్బు మన ఇంట్లో నాకొక్కడికే వచ్చిందనుకుంటే నీకూ అంటుకుందని సంతోషపడ్డాను కూడా. మళ్లీ చదివితే అర్థమైంది.

నాకేమీ తెలీదు. గిన్నెలు తోమే ఆవిడ నాకేమీ చెప్పలేదు, పాపం ఆమెని ఏమీ అనకు. చీర మాట ఉత్త సరదాకి రాశాను. నువ్వు నన్ను నమ్మి ఉంటే నీ గుట్టు నీ దగ్గరే ఉండేది. నమ్మకపోబట్టి మొత్తం విప్పి, తారీఖు వేసి, నాకే పంపించావు. నా వేళాకోళాలకి ఊళ్లో ఇంతమంది బలయ్యారు గాని, నేను ఆడకుండానే బలైంది నువ్వొక్కదానివే.

ఇక కుడిచెయ్యి సంగతి. నేను చూసింది అద్దంలో. నీ ఉత్తరం వచ్చాక షాపులో ఒక మిషను ముందు మీ మరదలి అద్దం నిలబెట్టి చూశాను. మిషనుకి చక్రం కుడివైపు ఉంటుంది. అద్దంలో ఎడమవైపుకి వెళ్లి కూర్చుంది. కాబట్టి వాడు ఎడమచేత్తోనే కలిపాడు. ఆ యజమాని కూడా జవాబు కాగితంలో ఇదే రాశాడు, మా వంటవాడిది ఎడమచేతి వాటం, ఈయన చెప్పేది కట్టుకథ అని. నన్ను అబద్ధాలకోరుని చేద్దామని నువ్వు రాసిన ముక్కతోనే నేను చూసింది నిజమని తేలింది.

ఇప్పుడు నవ్వు మాటలు పక్కన పెడతాను. ఆదివారాలు నేను ఎక్కడ తింటానో నీకు తెలుసు. ఆ హోటలు ఫోను వచ్చినప్పుడు ఒక్క క్షణమైనా నేను గుర్తొచ్చానా? నీ హోటల్లో ఉమ్మితే నీ పరువు పోతుందని వాడి ఊరు మార్చావు. ఉమ్మి మాత్రం ఆగలేదు, బస్సెక్కి నా దగ్గరికి వచ్చింది.

పదో తారీఖున వచ్చి ఆ ఒక్క ముక్క చెప్పు. చేపముక్క సంగతి. నువ్వు వస్తే ఆయన నలుగురిలో ఒప్పుకోక తప్పదు. రాకపోతే కేసు పోతుంది, ఉమ్మి ఇంటి నుంచి తెచ్చుకున్నవాడిగా ఈ ఊళ్లో మిగిలిపోతాను. నా తర్వాత కూడా అదే చెప్పుకుంటారు.

నీ తమ్ముడు


జూన్ 28

తమ్ముడికి,

నిన్ను అనుమానించినందుకు ఏమనుకోకు. ఇప్పటికీ పూర్తిగా పోలేదనుకో. తెలియనట్టు నటించి నా చేతే చెప్పించడం నీకు చేతకాని పనా?

రమ్మంటున్నావు. వచ్చి ఏం చెప్పను? నా వంటింట్లో ఉమ్మారు, నేను చూశాను, మంచివాడని చెప్పి పక్క ఊరికి అంటగట్టాను అనా? ఆ మాట నా నోటి నుంచి వచ్చిన సాయంత్రానికే మా వీధి చివరిదాకా పాకుతుంది. మా దగ్గర పనిచేసేవాళ్లందరి పొయ్యిలూ ఈ పొయ్యి మీదే ఆధారపడి ఉన్నాయి. మీ బావ రక్తపోటు సంగతి నీకు తెలుసు. నీకు పోయేది ఒక మాట. నాకు పోయేది హోటలు.

మాకూ ఒక ప్లీడరు ఉన్నాడు. ఎవరి సంగతో అన్నట్టు అడిగాను. అడగనిదానికి చెప్పాల్సిన పని లేదన్నాడు. మీ ప్లీడరు కన్నా ఈయన అనుభవం ఉన్నవాడు.

కొంచెం నిదానంగా ఆలోచించు. ఉమ్మితో ఎవరూ చావరు. చిన్నప్పుడు నేను కొరికి ఇచ్చిందే తింటానని ఏడ్చేవాడివి. నా ఎంగిలి తిని ఇంతవాడివయ్యావు, ఏమైంది నీకు?

కోపం తగ్గాక ఇక్కడికి వచ్చెయ్యి. ఎన్నాళ్లుంటే అన్నాళ్లు నీకూ మరదలికీ మా హోటల్లోనే భోజనం. ఎన్నిసార్లు వెనక్కి పంపినా ఎవరూ ఏమీ అనరు.

ఇట్లు, ఏమీ చెయ్యలేని
అక్క


జూలై 2

అక్కా,

ఉమ్మితో ఎవరూ చావరన్న మాట బాగుంది. పెద్ద అక్షరాలతో రాయించి మీ కౌంటరు వెనక, బావ తల మీదుగా వేలాడదీయించు. కస్టమర్లకి ధైర్యంగా ఉంటుంది.

నీ ఎంగిలి తిన్నాను, నిజమే. నువ్వు నా కళ్లముందే కొరికి, నవ్వుతూ ఇచ్చావు. అటూ ఇటూ చూసి, చాటుగా ఇవ్వలేదు. పైన ఆకులు చల్లలేదు.

వాడు ఇంకా అక్కడే వండుతున్నాడు. నిన్న వెళ్లి గుమ్మం అవతల నిలబడి చూశాను. వెనక వీధి ఆసుపత్రిలో ఉన్న రోగులకి సూపు అక్కడి నుంచే వెళ్తోంది, మూత ఉన్న డబ్బాల్లో. ఒక ముసలాయన డబ్బా పట్టుకుని వెళ్తుంటే, అది తాగించొద్దండీ అన్నాను. ఆయన నా మొహం చూసి గుర్తుపట్టి, రబ్బరు కప్ప మీరేనా అని నవ్వి వెళ్లిపోయాడు. ఇంకో విశేషం. మా ప్లీడరు మధ్యాహ్నం భోజనం కూడా అక్కడి నుంచే వస్తుంది. ఇదేంటండీ అంటే, కేసు కేసే, ఆకలి ఆకలే అన్నాడు.

నీ ఉత్తరం కోర్టులో పెడదామని ఆయన అంటున్నాడు. సమన్లు పంపి నిన్ను పిలిపిద్దామని కూడా అంటున్నాడు. ఉత్తరం ఇవ్వనన్నాను. సమన్లూ వద్దన్నాను. పిలిపిస్తే సాక్షి వస్తుంది, అక్క రాదు.

రావని తెలిసినా, ఆ రోజు నీ కోసం కుర్చీ ఒకటి పట్టి ఉంచుతాను. ఖాళీగా ఉన్నా ఫరవాలేదు, నా కాళ్లు చాపుకోవచ్చు.

తమ్ముడు


జూలై 7

తమ్ముడూ,

ఇది నీకు చెప్పకూడదనుకున్నాను.

నీ ఉత్తరం వచ్చిన రోజు మధ్యాహ్నం రద్దీ తగ్గాక, నేను కూడా బయటి బల్ల దగ్గర భోజనానికి కూర్చున్నాను. కూర చల్లారిపోయి ఉంది. ఎప్పుడూ అలాగే తినేదాన్ని. ఆ రోజు ఏం బుద్ధి పుట్టిందో, వేడి చేసి తెమ్మని లోపలికి పంపాను. ఇప్పుడున్న వంటావిడ మంచిది. ఎవరినీ గట్టిగా ఒక మాట అనదు. వేడి చేసి పంపింది. పొగలు వస్తున్నాయి.

తినలేకపోయాను.

గరిటెతో కెలికి చూశాను. వంటింటి వైపు చూశాను. ఆవిడ నాకు వీపు పెట్టి నిలబడి ఉంది. అడగాలనిపించింది, ఏమని అడగను? నా హోటల్లో, నా కూర, నేను పెట్టుకున్న మనిషి. అయినా చెయ్యి నోటి దాకా రాలేదు. ఆ చేపముక్క పెద్దమనిషి ఇప్పటికీ వస్తాడు. నేను ఎదురు వెళ్లి, అంతా బాగుందా అని అడుగుతాను. బాగుందమ్మా అంటాడు. ఆ మధ్యాహ్నం నుంచి ఇంటి దగ్గరే రొట్టె కాల్చుకు తింటున్నాను. ఏమైందని మీ బావ అడిగారు. పళ్లు నొప్పన్నాను. నిన్న మొత్తం చెప్పేశాను. ఆయన టీవీ కట్టేసి, "వెళ్లి రా" అన్నారు.

వస్తున్నాను. పదో తారీఖు ఉదయం బస్సుకి. నీ ఇంట్లో దిగను, తిన్నగా కోర్టుకే వస్తాను. చెప్పాల్సింది చెప్పి వెంటనే వెళ్లిపోతాను. నన్ను చూసి ఒక్క నవ్వు నవ్వావంటే అక్కడి నుంచే వెనక్కి తిరుగుతాను.

అక్క


జూలై 15

అక్కా,

నవ్వలేదు, చూశావుగా. చాలా కష్టమైంది.

నువ్వు చెప్పి దిగి, నా వైపు కూడా చూడకుండా బస్సుకి వెళ్లిపోయావు. ఆ తర్వాత జరిగింది నీకు తెలియాలి. నీలం షట్టర్ల ఆయన ముందు నీ మీద విరుచుకుపడ్డాడు, ఈవిడే కదా మంచివాడని చెప్పింది, ఈవిడనే పట్టుకోండి అని. కోర్టు అధికారి మాత్రం, ఆమె సంగతి ఆమె చెప్పుకుంది, మీ సంగతి చెప్పండి అన్నాడు. ఆయన తన ప్లీడరుతో గుసగుసలాడి, లేచి, తప్పు జరిగిందని ఒప్పుకున్నాడు. నా వైపు తిరిగి, "ఈయన చెప్పింది నిజమే" అన్నాడు. అనిపించాలని ఇన్నాళ్లు తిరిగానా, తీరా అన్నాక ఎటు చూడాలో తెలీలేదు. అదే మాట క్షమాపణగా రాసి హోటలు గోడకి పెట్టమన్నారు. డాక్టరు ఖర్చు, కోర్టు ఖర్చు ఆయన మీదే వేశారు. వంటవాడి మీద పోలీసు కేసు వేరే నడుస్తుంది.

కోర్టుకి వచ్చిన వాడు రెండే మాటలు మాట్లాడాడు. పొద్దుటి నుంచి పొయ్యి ముందు ఉడికిపోతుంటే, బల్ల మీద ఉప్పు పెట్టుకుని ఉప్పు లేదని పంపుతారండీ అన్నాడు. గదిలో సగంమంది నన్ను కోపంగా చూశారు. ఒక్క క్షణం నాకే నా మీద కోపం వచ్చింది. నీ గురించి కూడా అన్నాడు: "అమ్మగారు ఆ రోజు నన్ను తిట్టను కూడా తిట్టలేదు. పెద్ద తప్పనుకోలేదేమో అనుకున్నాను." ఈ మాట నీకు రాయాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాను. రాశాను. నీకూ హక్కు ఉంది కదా.

నిన్న మీ హోటలుకి ఫోను చేస్తే బావ ఎత్తాడు. నా నంబరు చూసి కూడా ఎత్తాడు. నువ్వు చెప్పనిది ఆయన చెప్పాడు. మీ వీధికి సంగతి నీకన్నా ముందు బస్సులో చేరిందట. బల్లలు ఖాళీగా ఉన్నాయట. చేపముక్క పెద్దమనిషి వచ్చి, గుమ్మంలో నిలబడి, ఆ రోజు పళ్లెం తనదేనా అని అడిగాడట. నువ్వు అవునన్నావట. కాని దాన్ని మీ దాకా రానివ్వలేదు అన్నావట. ఆయన తల ఊపి వెళ్లిపోయాడట. మళ్లీ రాలేదట.

ఆదివారం మీ మరదలూ నేనూ వస్తున్నాం. వీధి వైపు, కిటికీ పక్కన ఉన్న బల్ల మాకు ఉంచు. తెర తీసెయ్యి. మీ వీధి జనం ఎంతమంది నిలబడి చూస్తే అంత మంచిది. బాగుందని నేను ఒక్క మాట కూడా అనను. నేను బాగుందంటే ఉన్న అనుమానం రెట్టింపవుతుంది. నోరు మూసుకుని తింటాను, అది చూసి నమ్మేవాళ్లు నమ్ముతారు.

ఒక్క షరతు. నువ్వు వంటింట్లోకి వెళ్లి కాపలా కాయడానికి వీల్లేదు. మీ వంటావిడని ప్రశాంతంగా వండనివ్వు. తలుపు మూసుకుంటే మూసుకోనీ. నువ్వు వచ్చి నా ఎదురుగా కూర్చో. ముగ్గురికీ ఒకే గిన్నె తెప్పిస్తాను. వేడిగా ఉన్నా, చల్లగా ఉన్నా, ఎవరమూ వెనక్కి పంపం.

మొదటి ముద్ద నీది.

తమ్ముడు